రెండో తరగతి కృత్యానికి సమయం ఇవ్వండి: ప్రణాళికలు రూపొందించే పెద్దలకు బహిరంగ లేఖ

ప్రాథమిక తరగతుల కృత్యాలను, అంటే పిల్లలు స్వయంగా చేస్తూ నేర్చుకునే పనులను, రూపొందించే విద్యావేత్తలకు, తరగతి గదుల్లో వాటి అమలును పర్యవేక్షించే అధికారులకు నమస్కారాలు.

నేను ఉమ్మడి నల్లగొండ జిల్లాలోని ఒక చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలలో సెకండరీ గ్రేడ్ టీచరుగా పనిచేస్తున్నాను. మాది ఇద్దరు ఉపాధ్యాయుల బడి. ఒకటి, రెండు, మూడు తరగతులు నా గదిలో కూర్చుంటాయి. నాలుగు, ఐదు తరగతులను మా ప్రధానోపాధ్యాయులు చూసుకుంటారు. వచ్చే విద్యా సంవత్సరానికి టీచర్ల కరదీపికలు (పాఠం ఎలా చెప్పాలో సూచించే పుస్తకాలు), వారపు ప్రణాళికలు, వర్క్‌బుక్కులు సిద్ధమయ్యే రోజులివి. అవి అచ్చుకు వెళ్లాక చుట్టుపక్కల బడుల టీచర్లం కలిసే కాంప్లెక్స్ సమావేశాల్లో మేము ఎంత మాట్లాడినా ఆ ఏడాదికి మార్పు జరగదు. అందుకే ఇప్పుడే, ముఖ్యంగా రెండో తరగతి గురించి, మీకు ఈ లేఖ రాస్తున్నాను.

ముందుగా నా తరగతి గదిలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. ఆ రోజు రెండో తరగతి గణితంలో స్థానమార్పిడితో తీసివేత, అంటే ఒక పదిని విడదీసి ఒకట్లలో కలుపుకుని తీసేయడం. పలక మీద 32 లోంచి 17 తీసేయమని లెక్క ఇచ్చాను. ముందు బెంచీలో కూర్చునే ఒక పాప క్షణంలో 25 అని రాసి చూపించింది. రెండో తరగతికి చెప్పిన వారందరికీ ఈ తప్పు చిరపరిచితమే. రెండులోంచి ఏడు పోదు కాబట్టి పిల్లలు ఏడులోంచి రెండు తీసేస్తారు, పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయడమే తీసివేత అని వాళ్లు అప్పటికి గట్టిగా నమ్మి ఉంటారు. నేను తప్పని చెప్పలేదు. చీపురు పుల్లల డబ్బా ఆమె ముందు పెట్టి, పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసిన కట్టలు మూడు, విడి పుల్లలు రెండు తీసుకోమన్నాను.

పాప మొదట ఒక కట్ట పక్కన పెట్టింది. పదిహేడులో పది పోయింది. ఇంక ఏడు తీయాలి. చేతిలో ఉన్న రెండు పుల్లల్ని చూసింది, నన్ను చూసింది. "రెండే ఉన్నయ్ టీచర్" అంది. నేను పలకలేదు. అవతల ఒకటో తరగతి పిల్లలు బంకమట్టితో అక్షరాలు చేస్తున్నారు, మూడో తరగతి వాళ్లు పాఠం చూసి రాస్తున్నారు. ఆమె మిగిలిన రెండు కట్టల్నీ చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. చాలాసేపటికి, "కట్ట ఇప్పొచ్చా?" అని అడిగింది. విప్పమన్నాను. రబ్బరు బ్యాండు చివరి దాకా దొర్లించి తీసేసరికి పుల్లలు నేల మీద చెల్లాచెదురయ్యాయి. వాటిని ఏరి, విడి పుల్లల్లో కలిపి పన్నెండని లెక్కపెట్టి, ఏడు వేరు చేసి, మిగిలినవాటిని మళ్లీ లెక్కపెట్టింది. ఒక కట్ట, ఐదు పుల్లలు. పలక మీద 25ను అరచేత్తో తుడిచేసి 15 అని రాసింది. ఇదంతా జరగడానికి ఇరవై నిమిషాలకు పైగా పట్టింది.

వారపు ప్రణాళికలో ఆ కృత్యానికి పది నిమిషాలు. ఆ తర్వాత మరో పది నిమిషాలు జట్టు పని, ఆపైన వర్క్‌బుక్కులో ఒక పేజీ, చివర్లో మూల్యాంకనం. పాప ఇంకా కట్టల్ని తిప్పి చూస్తుండగానే పర్యవేక్షణకు వచ్చిన ఒక అధికారి గదిలోకి వచ్చారు. వర్క్‌బుక్కు చూసి ఆ పేజీ ఎందుకు ఖాళీగా ఉందని అడిగారు. పుల్లల సంగతి వివరించాను. ఆయన ఓపికగానే విన్నారు, కాని ఆయన నింపాల్సిన పట్టికలో దానికి గడి లేదు. ఆ రోజు కృత్యం పూర్తి కాలేదని నమోదైంది. ఆయన మీద నాకు కోపం లేదు. ఒక పిల్ల తన తప్పును తానే కనిపెట్టి, తానే దిద్దుకున్న రోజును పట్టికలో లోటుగా రాయవలసి వచ్చిందన్నదే నా బాధ. ఆ పట్టికను, ఆ పది నిమిషాలను నిర్ణయించేది మీరు.

కృత్యం విలువ అది ఎప్పుడు ముగిసింది అన్నదాన్ని బట్టి ఉండదు. పిల్ల ఎక్కడ ఆగిపోయింది, ఆగిన చోటి నుంచి ఎలా కదిలింది అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ పాప అడగడానికి నిమిషం ముందే కట్ట విప్పవచ్చని నేను చెప్పేసి ఉంటే లెక్క తొందరగా అయ్యేది, వర్క్‌బుక్కు నిండేది. మర్నాడు 41 లోంచి 26 తీయమంటే మళ్లీ 25 అనే రాసేది. నిజానికి మర్నాడు అదే లెక్క ఇచ్చాను. ఆ పాప పుల్లలు అడగకుండా, వేళ్లతో గాలిలో ఏదో విప్పినట్టు చేసి 15 అని రాసింది. వస్తువు మనసులోకి వెళ్లింది. దాని కోసమే మనం వస్తువుల్ని తరగతికి తెస్తున్నాం.

కృత్యాధార బోధన మన దగ్గర నిన్న మొన్న పుట్టింది కాదు. 1980లలో బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, మేము ఏపీపీఈపీ అని పిలుచుకునేది, చేస్తూ నేర్చుకోవడాన్ని, జట్టు పనిని, పరిసరాల వినియోగాన్ని, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించడాన్ని ఉమ్మడి రాష్ట్రంలోని ఉపాధ్యాయులకు ఒక పద్ధతిగా పరిచయం చేసింది. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ విద్యా కేంద్రంలో ఒకే గదిలో పలు తరగతుల పిల్లలు ఎవరి వేగంతో వాళ్లు మెట్టు మెట్టుగా ఎక్కేలా కార్డులతో అభ్యసన నిచ్చెనను తయారు చేశారు. అది చూసి వచ్చిన కర్ణాటక ఉపాధ్యాయులు 1995లో మైసూరు జిల్లా హెచ్‌.డి. కోటె తాలూకాలో నలి కలి (ఆనందంగా నేర్చుకోవడం) అనే పద్ధతి మొదలుపెట్టారు. విద్యాహక్కు చట్టం 2009లో కృత్యాల ద్వారా, అన్వేషణ ద్వారా, శిశుకేంద్రంగా నేర్పాలని 29వ సెక్షన్‌లోనే రాసింది. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కల పునాది కోసం 2021 జూలైలో కేంద్రం నుంచి నిపుణ్ భారత్, 2022 ఆగస్టు 15న తెలంగాణలో తొలిమెట్టు కార్యక్రమాలు వచ్చాయి. మూడో తరగతి పూర్తయ్యే సరికి ప్రతి బిడ్డా చదవాలి, లెక్క చేయాలి అన్న లక్ష్యం గొప్పది. దానికి గడువు 2026-27 అని కూడా పెట్టుకున్నాం. నాకు ఆ లక్ష్యంతో పేచీ లేదు. ఆ లక్ష్యం కోసమే నేను కూడా రోజూ బడికి వెళ్తున్నాను.

అయితే ఇన్ని పథకాల తర్వాత కూడా మా చేతికొచ్చే కరదీపిక ఒక గదిలో ఒకే తరగతి, ఒక తరగతికి ఒక టీచరు ఉంటారన్న ఊహ మీదే నడుస్తోంది. అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులని చట్టమే చెబుతోంది. అంటే ఐదు తరగతులు, ఇద్దరు టీచర్లు అన్నది అనుకోకుండా వచ్చిన పరిస్థితి కాదు, చట్టం ముందే లెక్కగట్టిన పరిస్థితి. అదే చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు నిర్దేశించింది. రోజుకు నాలుగు గంటలు. నా గదిలో మూడు తరగతులు కాబట్టి, నేను పూర్తిగా ఒక తరగతి మీదే దృష్టి పెట్టగలిగేది రోజుకు గంటా ఇరవై నిమిషాలు. రెండో తరగతికి తెలుగు, గణితం, ఇంగ్లీషు ఉన్నాయి. మూడింటికీ పంచితే ఒక్కో సబ్జెక్టుకు సుమారు ఇరవై ఏడు నిమిషాలు. ఇందులోనే హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు, యాప్‌లో నమోదు, ఎవరికో కడుపునొప్పి, ఎవరికో పెన్సిల్ లేకపోవడం అన్నీ జరగాలి.

ఈ ఇరవై ఏడు నిమిషాల్లో మీరిచ్చిన కృత్యం, జట్టు పని, వర్క్‌బుక్కు పేజీ, మూల్యాంకనం నాలుగూ పడతాయా అన్నది మీరే ఆలోచించండి. పట్టవు కాబట్టి చాలామంది మంచి టీచర్లు ఒక దారి కనిపెట్టుకున్నారు. కృత్యాన్ని తాము చేసి చూపిస్తారు, పిల్లలు చూస్తారు. ఒకరిద్దరు చురుకైన పిల్లల్ని ముందుకు పిలిచి చేయిస్తారు. తక్కినవాళ్లు చప్పట్లు కొడతారు. ఒక ఫోటో తీసి గ్రూపులో పెడతారు. ఫోటోలో సామగ్రి కనిపిస్తుంది, పిల్లలు గుండ్రంగా కూర్చుని కనిపిస్తారు. ఆ పుల్లలు ఎవరి చేతిలో ఉన్నాయన్నది మాత్రం ఎవరూ అడగరు. నేనూ అలా చేసిన రోజులున్నాయి, ఆ రోజుల్లో పిల్లలకు ఏమీ అందలేదని నాకు తెలుసు.

అందువల్ల నా మొదటి అభ్యర్థన ఇది. రెండో తరగతికి వారానికి కృత్యాల సంఖ్య తగ్గించండి. గణితంలో వారమంతా ఒకే భావన, దానికి ఒకటి రెండు కృత్యాలు, అవి రోజురోజుకు లోతుగా వెళ్లేలా ఉంటే చాలు. సోమవారం పుల్లలతో చేసింది, మంగళవారం చింతగింజలతో, బుధవారం పలక మీద గీతలతో, గురువారం అంకెలతో చేయవచ్చు. సామగ్రి మారినా పని అదే కాబట్టి ఒకటో తరగతి వాళ్లతో నేను ఉన్నప్పుడు రెండో తరగతి పిల్లలు తమంతట తాము కొనసాగించగలుగుతారు. ఏ రోజుకారోజు కొత్త ఆట అయితే, నియమాలు చెప్పడానికే సగం సమయం పోతుంది, నేను అటు తిరగగానే ఆట ఆగిపోతుంది. పలు తరగతుల గదికి కావలసింది టీచరు లేకపోయినా నడిచే కృత్యం. రిషీవ్యాలీ కార్డుల నుంచి మనం నేర్చుకోవలసింది, నా ఉద్దేశంలో, ఈ ఒక్క సంగతే.

రెండో అభ్యర్థన భాషకు సంబంధించినది, దీన్ని కొంచెం వివరంగా రాయనివ్వండి. మాకు అందే కృత్యాల్లో కొన్ని వేరే భాషలో పుట్టి, తెలుగులోకి వచ్చినట్టు చదవగానే తెలిసిపోతుంది. 21 నుంచి 99 వరకు సంఖ్యల పేర్లు పలికించే ఆటలు పేజీల కొద్దీ ఉంటాయి. హిందీ పిల్లలకు అవి అవసరం, ఎందుకంటే ఆ భాషలో వంద లోపు దాదాపు ప్రతి సంఖ్యకూ ప్రత్యేకమైన పేరుంది, గుర్తుపెట్టుకోక తప్పదు. మన భాష ఆ విషయంలో పిల్లల మీద దయ చూపింది. ఇరవై తెలిసి, ఒకటి నుంచి తొమ్మిది తెలిస్తే ఇరవై ఒకటి, ఇరవై రెండు వాటంతట అవే వస్తాయి. పదులు, ఒకట్లు పేరులోనే విడివిడిగా వినిపిస్తాయి. స్థానవిలువ మన సంఖ్యల పేర్లలోనే ఉంది.

మన పిల్లలు తడబడే చోట్లు వేరు. పదకొండులో ఒకటి వినిపించదు. పన్నెండులో, పంతొమ్మిదిలో పది రూపు మారిపోయింది. డెబ్భైకి ఏడుతో పోలిక లేదు. తొంభైని తొమ్మిదితో, ఎనభైని ఎనిమిదితో కలిపి అల్లుకోవడానికి పిల్లలకు కొంత సాయం కావాలి. ఆటలు అక్కడ కావాలి. పది పుల్లల కట్ట, ఒక విడి పుల్ల పట్టుకుని పదీ ఒకటి, పదకొండు అని నెలరోజులు అనిపిస్తే ఆ తర్వాత తీసివేతలో కట్ట విప్పడం తేలికవుతుంది. పైగా 2022-23 నుంచి మా బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం వచ్చింది, ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు ఉన్న పుస్తకాలు వచ్చాయి. థర్టీన్, థర్టీ రెండూ పిల్లల చెవికి ఒకేలా వినిపిస్తాయి. తెలుగు పేరులో ముందే స్పష్టంగా ఉన్న పదీ ఒకట్లను ఆసరా చేసుకుని ఇంగ్లీషు పేరుకు వెళ్లే కృత్యాలు ఇంతవరకు నాకు ఏ కరదీపికలోనూ కనిపించలేదు. రెండు భాషల పుస్తకం ఇచ్చినవాళ్లు రెండు భాషల మధ్య వంతెన కూడా ఇవ్వాలి.

చదవడం విషయమూ అంతే. మన లిపిలో పిల్లలు ఆగిపోయేది ఒత్తుల దగ్గర. క ఒత్తు, వ ఒత్తు వంటివి అసలు అక్షరానికి తలకట్టు తీసినట్టుంటాయి, చూడగానే పోల్చుకోవచ్చు. త, న, మ, య, ర, ల ఒత్తులు మాత్రం అసలు అక్షరాన్ని పోలి ఉండవు, వాటిని విడిగా నేర్చుకోవాలి. ఇప్పుడు పిల్లలు పుట్టినప్పటి నుంచి పిలిచే పిలుపులను గుర్తు చేసుకోండి. అమ్మ, నాన్న, అన్న, అత్త, అయ్య, చెల్లె, పిల్ల. అన్నిటిలోనూ ఆ కష్టమైన ఒత్తులే ఉన్నాయి. సరళ పదాలు, గుణింత పదాలు అన్నీ అయ్యాకే ఒత్తు పదాలు అన్న వరుసలో వెళ్తే, పిల్లవాడు తన అమ్మ పేరు కాదు, అమ్మ అన్న మాటే చదవడానికి రెండో తరగతి దాకా ఆగాలి. నేను కొన్నేళ్లుగా ఒకటో తరగతి మొదటి నెలలోనే ఈ ఏడు మాటలనూ బొమ్మల్లా, మొత్తంగా గుర్తుపట్టేలా గోడ మీద పెడుతున్నాను. రెండో తరగతికి వచ్చేసరికి కొత్త మాటలో మ ఒత్తు తగిలినప్పుడు పిల్లలే వేలు పెట్టి చూపించి "అమ్మల ఉన్నది" అంటారు. గుమ్మడి, కొమ్మ, బొమ్మ అక్కడి నుంచి వాళ్లే చదువుకుంటారు. అక్షరాల వరుసను గౌరవిస్తూనే ఇలాంటి ఇంటి మాటలకు కృత్యాల్లో ముందే చోటివ్వమని నా మనవి.

బొమ్మ కార్డుల గురించి కూడా ఒక మాట. వేరుశనగ బొమ్మ చూపిస్తే మా పిల్లలు పల్లికాయ అంటారు. రాయలసీమలో అదే బొమ్మకు బుడ్డలు అనే పిల్లలున్నారు. మొక్కజొన్న బొమ్మను మావాళ్లు మక్కకంకి అని చదువుతారు. కార్డు వెనక ఒకే సమాధానం అచ్చు వేసి, మూల్యాంకనంలో తక్కినవాటిని తప్పుగా లెక్కిస్తే, ఆ బిడ్డ ఇంటి మాట తప్పని మొదటి వారంలోనే మనం చెప్పినట్టవుతుంది. ఆ బిడ్డ ఆ తర్వాత నోరు విప్పడానికి ఎంత కాలం పడుతుందో మాకు తెలుసు. సమాధానం దగ్గర ఒక ఖాళీ గీత పెట్టండి, మా ఊరి మాటను మేమే రాసుకుంటాం, పుస్తకం మాటను దాని పక్కన నేర్పుతాం.

సామగ్రికి డబ్బు పెద్దగా అక్కరలేదు. చీపురు పుల్లలు, చింతగింజలు, సీసా మూతలు, పాత క్యాలెండర్లు ప్రతి ఊళ్లో దొరుకుతాయి, వామనగుంటల పీట ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. ఆ పీట మీద గుంటకు ఇన్ని అని గింజలు పంచుతూ పిల్లలు చేసేది కూడిక, పంపకం కాక మరేమిటి? కావలసింది సామగ్రిని పోగుచేసి, కట్టలు కట్టి, డబ్బాల్లో సర్దుకునే సమయం. చట్టం టీచరుకు వారానికి చెప్పిన 45 గంటల్లో సన్నద్ధతకు కూడా చోటుంది. ఆ సన్నద్ధత సమయాన్ని నివేదికలు తినేస్తున్నాయి. ఒకే వివరాన్ని రిజిస్టరులో ఒకసారి, యాప్‌లో ఒకసారి, గ్రూపులో ఒకసారి ఇవ్వమనడం మానేస్తే మాకు రోజూ కొంత సమయమైనా మిగులుతుంది.

వారం వారం జరిపే మూల్యాంకనం విషయంలో నా అభిప్రాయం స్పష్టంగానే చెబుతాను. ఏడేళ్ల బిడ్డకు వారానికొక పరీక్ష అక్కర్లేదు. టీచరుకు అక్కర ఉన్నది, ఎవరు ఎక్కడ ఆగారో రాసుకునే చిన్న నోటుబుక్కు. నా దగ్గర అలాంటిది ఉంది. అందులో ఆ పాప పేరు ఎదురుగా, "కట్ట విప్పవచ్చని తనే అడిగింది" అని తేదీతో రాసి ఉంది. నెలకొకసారి ఆ నోటుబుక్కును చూసి మాట్లాడే అధికారి వస్తే, ఆయన ముందు ఏ పిల్లవాడి గురించి అయినా నేను పది నిమిషాలు చెప్పగలను. అలాంటి నోటుబుక్కును అధికారికంగా గుర్తించి, అది ఉన్నందుకు గడుల పట్టికలు కొన్ని తీసేయమని కోరుతున్నాను.

ఇక పర్యవేక్షణకు వచ్చే అధికారులకు ప్రత్యేకంగా ఒక విన్నపం. ఒక్కొక్కరి మీద ఎన్ని బడుల భారం ఉందో మాకు తెలియనిది కాదు. అయినా నెలలో ఒక్క బడిలో అయినా ఒక పీరియడు మొదటి నుంచి చివరి దాకా పిల్లల పక్కన చాప మీద కూర్చోండి. రిజిస్టరు చివర్లో చూడవచ్చు. ఏదో ఒక బిడ్డను ఎంచుకుని, ఆ బిడ్డ చేతుల్నే గమనించండి. ఏం పట్టుకుంది, ఏం వదిలేసింది, ఎప్పుడు పక్కవాడి పలకలోకి చూసింది, ఎప్పుడు ఆగింది. ఆ పీరియడు ముగిశాక టీచరుకు మీరు చెప్పే మాట మా కాంప్లెక్స్ సమావేశాల్లో చెప్పే చాలా మాటల కంటే ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే మూడు తరగతుల మధ్య నిలబడిన మాకు ఒక్క బిడ్డను అంతసేపు చూసే వీలు ఉండదు.

కరదీపికల రచనకు కూర్చునే బృందాల్లో ఇద్దరు ఉపాధ్యాయుల బడుల నుంచి, గిరిజన తండాల బడుల నుంచి, ఒకే టీచరున్న బడుల నుంచి కనీసం కొందరిని పిలవండి. తయారైన కృత్యాన్ని అచ్చు వేసే ముందు అలాంటి పది గదుల్లో చేయించి చూడండి, గడియారం పెట్టి చూడండి. మా గదికి వస్తానంటే ఎప్పుడైనా రండి. జూన్‌లో బడి తెరిచాక మొదటి రెండు వారాలు పిల్లలు పుల్లలు ఏరి తెచ్చి కట్టలు కట్టే పనిలోనే ఉంటారు. అప్పుడు వస్తే, పది పుల్లలు సరిగ్గా లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేయడానికి ఒక్కో బిడ్డకు ఎంత సమయం పడుతుందో మీరే స్వయంగా చూడవచ్చు.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు